నాలుగు సెకన్లు

కాలేజీలో ఎవరికైనా ఫోటో కావాలంటే నన్ను పిలుస్తారు. ఫ్రెషర్స్ డే, కల్చరల్స్, లైబ్రరీ మెట్ల మీద వాట్సాప్ డీపీలు, అన్నీ నావే. మెడలో కెనాన్ 1500డి వేలాడేసుకుని తిరిగే సెకండియర్ సీఎస్‌ఈ పిల్లోడు ఎవరంటే నేనే. అందుకే మన క్లబ్ ఎడిటర్ "ఫోటోగ్రఫీ మీద ఏమన్నా రాయి" అని అడిగినప్పుడు వెంటనే ఒప్పేసుకున్నా. మంచి ఫోటోకి పది చిట్కాలు అని ఏదో ఒకటి రాసి పంపేద్దాం అనుకున్నా. తీరా కూర్చుంటే, నేను పాడుచేసిన ఒక ఫోటో తప్ప ఇంకేదీ గుర్తుకు రావట్లేదు. దాని గురించే రాస్తున్నా.

ఇంకో మాట. ఎల్‌కేజీ నుంచి నాది ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే మొదటిసారి. వత్తులు తప్పుంటే సర్దుకోండి.

మా అమ్మది ఆళ్లగడ్డ. నంద్యాలలో కడప రూటు బస్సెక్కితే శిరివెళ్ల దాటాక వస్తుంది, దాదాపు 40 కిలోమీటర్లు. మీలో అహోబిలం వెళ్ళినవాళ్ళు బస్సులోంచి చూసే ఉంటారు. రోడ్డు పక్కన రేకుల షెడ్లు, వాటి ముందు సగం చెక్కిన నందులు, మొహం వచ్చి ఒళ్ళు ఇంకా రాని ఆంజనేయస్వాములు, కళ్ళజోడు మాత్రం స్పష్టంగా ఉన్న నాయకుల విగ్రహాలు. ఆళ్లగడ్డ శిల్పాలకు జీఐ గుర్తింపు ఉందని నేను ఇంటర్‌లో చదివినప్పుడు తాతకి గొప్పగా చెప్పా. "అట్లనా" అని మళ్ళీ ఉలి అందుకున్నాడు.

తాత శిల్పి. 74 ఏళ్ళు. కళ్ళకి శుక్లాల ఆపరేషన్ అయ్యాక చూపు కొంచెం కుదురుకుంది గానీ, రెండేళ్ళ నుంచి కుడి చెయ్యి వణకడం మొదలైంది. టీ గ్లాసు పట్టుకుంటే తెలుస్తుంది. పోయినేడాది ఒక వేణుగోపాలస్వామి ఒప్పుకున్నాడు, నాలుగున్నర అడుగులు, బళ్ళారి వైపు ఒక పల్లెటూరి గుడికి. ఇదే ఆఖరిది అని ఇంట్లో చెప్పేశాడు. సన్న పని తానే చేస్తాననీ, వణుకు తక్కువుండే పొద్దున పూట మాత్రమే ఉలి పడతాననీ అన్నాడు. అందుకే మామూలుగా రెండు మూడు నెలల్లో అయ్యే బొమ్మకి ఐదు నెలలు పట్టింది.

ఫిబ్రవరిలో ఒక గురువారం అమ్మ ఫోన్ చేసింది. రేపు సాయంత్రం బండి వస్తుందంట, తాత నిన్ను కెమెరా తీసుకుని రమ్మంటున్నాడు అని. తాత నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. మా చిన్నమామ పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరే, ఇంట్లో అసలు ఫోటోగ్రాఫర్ ఆయనే. కానీ ఆయనకి ఆరోజు కడపలో ముహూర్తం. "నువ్వే తీయ్‌లే అల్లుడా, ఒక్క బొమ్మే కదా" అన్నాడు.

శుక్రవారం ల్యాబ్ ఇంటర్నల్ అయ్యేసరికి నాలుగు. బస్సు దిగి షెడ్డుకి నడిచేసరికి ఆరు దాటింది. స్వామికి అప్పుడే నూనె పట్టించారు. ఇక్కడ తెలియనివాళ్ళకి ఒకటి చెప్పాలి. ఉలి పడిన చోట నల్లరాయి నల్లగా ఉండదు, బూడిద పూసినట్టు తెల్లగా ఉంటుంది. మెరుగు పెట్టి నూనె పట్టిస్తేనే ఆ నలుపు బయటికొస్తుంది. ఐదు నెలలు బూడిద రంగులో ఉన్నది ఒక్కసారిగా నల్లగా, తడిగా నిలబడి ఉంది. పిల్లనగ్రోవికీ బుగ్గకీ మధ్య సందు వదిలి చెక్కాడు తాత. ఆ సందులోంచి అవతలి గోడ కనిపిస్తుంది. మెడలో మూడు పేటల హారం, ఒక్కో పూస విడివిడిగా. వెనక ప్రభావళిలో తీగ, ప్రతి ఆకుకీ ఈనె. వణికే చెయ్యితో చేసింది అది.

నేను బ్యాగ్ తెరుస్తుండగా కరెంటు పోయింది.

ఛార్జింగ్ లైటు ఒకటి తెచ్చి పెట్టారు. బండి డ్రైవర్ తొందరపడుతున్నాడు. వరిగడ్డి పరిచేశారు, చైన్ పుల్లీ తగిలించారు. నాకేమీ కంగారు లేదు, నిజంగా. కల్చరల్స్‌లో ఇంతకంటే చీకట్లో డాన్సులు తీశా. ఐఎస్ఓ 12800 పెట్టా. 1500డిలో మామూలుగా 6400 దాకానే ఉంటుంది, మెనూ లోపలికి వెళ్ళి ఆన్ చేస్తే హెచ్ అని ఇంకో మెట్టు వస్తుంది. అది తెలుసు అని నాకు కొంచెం గర్వం కూడా. కిట్ లెన్సు 55 దగ్గర, అపర్చర్ ఎఫ్/5.6, షట్టర్ సెకనులో 30వ వంతు. చేత్తో పట్టుకునే ఇరవై దాకా తీశా. వెనక చిన్న స్క్రీన్ మీద చూస్తే బ్రహ్మాండంగా ఉన్నాయి. తాతకి చూపించా. "బాగుంది" అన్నాడు. ఏడున్నరకల్లా స్వామి గడ్డిలో పడుకుని బళ్ళారి వెళ్ళిపోయాడు.

మర్నాడు ల్యాప్‌టాప్‌లో తెరిచా. ఎలా చెప్పాలి? హారంలో పూసలు లేవు. ఒక మెత్తటి తాడులాగుంది. ఆకుల ఈనెలు లేవు. పిల్లనగ్రోవి పక్కన సందు ఉండాల్సిన చోట ఊదా రంగు, పచ్చ రంగు చుక్కల మురికి. అన్నిటికంటే ఘోరం, స్వామి నల్లగా లేడు. బూడిద రంగు. తాత ఐదు నెలలు కష్టపడి నూనె పట్టించిన నలుపుని నా కెమెరా మళ్ళీ వెనక్కి లాగేసింది.

గుడికి వెళ్ళి మళ్ళీ తీయొచ్చు కదా అంటారేమో. గర్భగుడిలో ఫోటోలు తీయనివ్వరు. తీయనిచ్చినా, ప్రతిష్ఠ అయ్యాక స్వామి ఎప్పుడూ పట్టుబట్టల్లో, పూలల్లో ఉంటాడు, మొహం తప్ప ఏం కనిపించదు. కళ్ళు తెరిచే తంతుకి, నేత్రోన్మీలనం అంటారు, తాత కారులో వెళ్ళొచ్చాడు గానీ అది తెర కట్టి చేసేది, అక్కడ కెమెరాకి చోటు లేదు. కాబట్టి ఆ హారం, ఆ తీగ, ఆ సందు ఇక ఎవరికీ కనపడవు. తెల్లారుజామున అభిషేకం చేసే పూజారికి తప్ప.

ఆదివారం చిన్నమామ వచ్చి ఫోటోలు చూశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఐఎస్ఓ ఎంత పెట్టినావు?"

"12800 మామా. వెలుతురు లేదు కదా, సెన్సర్ సెన్సిటివిటీ పెంచాలి కదా."

"బొమ్మ ఏమన్నా లేచి పోతాదా రా అల్లుడా? షెడ్డు నిండా రాళ్ళే కదా, ఒకదాని మీద కెమెరా పెట్టి, ఐఎస్ఓ 100 పెట్టి నాలుగు సెకన్లు వదిలింటే సరిపోయేది."

నాలుగు సెకన్లు. లెక్క తర్వాత నేనే వేశా. 12800ని 100తో భాగిస్తే 128. సెకనులో 30వ వంతుని 128తో గుణిస్తే 4 సెకన్ల పైచిలుకు. సరిగ్గా అంతే. ఆయన ఏ యాప్ చూడకుండా నోటితో చెప్పాడు. డాన్సు చేసే అమ్మాయికి 4 సెకన్లు ఇవ్వలేం. కానీ రాతి బొమ్మకి? ఐదు నెలలు కదలకుండా కూర్చున్న బొమ్మకి? డ్రైవర్ ఎంత తొందరపడినా 4 సెకన్లు ఆగేవాడు.

నన్ను ఎక్కువ కుదిపింది మాత్రం దాని తర్వాత ఆయన అన్న మాట. "సెన్సర్ సెన్సిటివిటీ పెరగడం అనేది యాడుంది రా? అది రీలుతోనే పోయింది."

మన క్లబ్‌లో మూడొంతుల మంది నాలాగే అనుకుంటారని నాకు అనుమానం, కాబట్టి ఇది కొంచెం నిదానంగా చెప్తా.

ఫిల్మ్ రోజుల్లో 100 రీలు, 400 రీలు అని వేరు వేరుగా కొనేవాళ్ళు. ఫిల్మ్ మీద వెండి లవణాల స్ఫటికాలు ఉంటాయి. 400 ఫిల్మ్‌లో ఆ స్ఫటికాలు మామూలుగా పెద్దవి, తక్కువ వెలుతురుకే స్పందిస్తాయి, అందుకే ఫోటో గరుకుగా వస్తుంది. అంటే అక్కడ సెన్సిటివిటీ నిజంగానే వస్తువులో ఉండేది. మామ మాటల్లో, "కెమెరాలో 400 వేసినామంటే 36 ఫోటోలు అయ్యేదాకా 400 మీదనే బతకాల. పగలు ఊరేగింపొచ్చినా అంతే, రాత్రి తలంబ్రాలొచ్చినా అంతే." ఆ నంబర్లకి అమెరికాలో ఏఎస్ఏ అని, జర్మనీలో డిన్ అని రెండు లెక్కలు ఉండేవి, 1974లో రెండూ కలిసి ఐఎస్ఓ అయ్యాయి. డిజిటల్ కెమెరాలు వచ్చాక జనం అలవాటు పడ్డ ఆ నంబర్లనే ఉంచేశారు, వాటికంటూ 1998లో ఐఎస్ఓ 12232 అనే ప్రమాణం కూడా వచ్చింది. పేరు అదే, లోపల జరిగేది వేరు.

సెన్సర్ అంటే సిలికాన్ పలక. నా కెమెరాలో 2 కోట్ల 40 లక్షల చిన్న గుంతలు ఉన్నాయనుకోండి. వెలుతురు కణం, అదే ఫోటాన్, పడితే ఒక ఎలక్ట్రాన్ విడుదలవుతుంది, ఆ గుంతలో చేరుతుంది. పడిన వాటిలో ఎన్ని పట్టుకోగలదు అన్నది సెన్సర్ ఫ్యాక్టరీలో తయారైన రోజే ఖాయమైపోయింది. నేను మెనూలో 100 పెట్టినా 12800 పెట్టినా అది ఒక్క ఫోటాన్ కూడా ఎక్కువ పట్టదు. షట్టర్ మూసుకున్నాక ఆ ఎలక్ట్రాన్లు ఓల్టేజీ అవుతాయి, ఆ ఓల్టేజీని ఒక యాంప్లిఫయర్ పెంచుతుంది, తర్వాత అది అంకె అవుతుంది. ఐఎస్ఓ అంటే, ముఖ్యంగా, ఆ పెంచడం. మా వీధి రామాలయం మైకు సెట్టు లాంటిది. అయ్యవారు మెల్లగా చదివితే వాల్యూమ్ పెంచుతారు. గొంతు పెద్దదవుతుంది, దాంతో పాటు కుయ్ మనే చప్పుడూ పెద్దదవుతుంది. అయ్యవారు గట్టిగా చదివినట్టు మాత్రం అవ్వదు.

మరి ఎక్స్‌పోజర్ అంటే? ఆ గుంతల్లోకి నిజంగా ఎంత వెలుతురు చేరింది అన్నది. దాన్ని మార్చేవి మూడే. అక్కడ ఉన్న వెలుతురు, లెన్సు కన్ను ఎంత తెరిచాం, ఎంతసేపు తెరిచాం. ఐఎస్ఓ ఇందులో లేదు. యూట్యూబ్‌లో త్రిభుజం గీసి మూడో మూలలో ఐఎస్ఓ పెడతారు. లెక్క కుదరడానికి ఆ బొమ్మ బాగానే పనికొస్తుంది గానీ, మూడూ ఒకే జాతివి అనిపించేలా చేస్తుంది, నన్ను ముంచింది అదే. ఎక్స్‌పోజర్‌కి తెలుగు మాట ఏంటి అని ఈ వ్యాసం కోసం తాతని అడిగా. వివరం చెప్తే కాసేపు ఆలోచించి, "వెలుతురు పట్టించడం. నూనె పట్టించినట్ల" అన్నాడు. మన టెక్స్ట్‌బుక్కుల వాళ్ళు దీనికి ఏం పెట్టారో చూడలేదు, నాకు ఇదే నచ్చింది.

సరే, వెలుతురు తక్కువైతే చుక్కలు ఎందుకొస్తాయి? యాంప్లిఫయర్ తప్పు అనుకునేవాణ్ణి. చాలావరకు కాదు. వాన మొదలైనప్పుడు మిద్దె మీద చూడండి. మొదటి చినుకులు ఇక్కడొకటి అక్కడొకటి పడి, గచ్చంతా మచ్చలు మచ్చలుగా ఉంటుంది. పది నిమిషాలు కురిస్తే అంతా ఒకేలా తడుస్తుంది. వాన మొదట్లో వంకరగా పడి తర్వాత బుద్ధి తెచ్చుకుందని కాదు, లెక్క పెరిగింది అంతే. ఫోటాన్లూ అట్లే పడతాయి, ఇష్టమొచ్చినట్టు. ఒక గుంతలో సగటున 100 పడాల్సిన చోట 10 అటూ ఇటూ అవుతుంది, అంటే 10 శాతం తేడా. అదే 10,000 పడితే తేడా 100, అంటే 1 శాతం. వర్గమూలం లెక్క, ప్రాబబిలిటీ క్లాసులో పాయిసాన్ డిస్ట్రిబ్యూషన్ అని మనం నిద్రపోయిన చాప్టర్ అదే. నేను 128 రెట్లు తక్కువ వెలుతురు పట్టా, కాబట్టి ఫోటో దాదాపు 11 రెట్లు ఎక్కువ మచ్చలతో వచ్చింది. ఆ మచ్చల్ని తుడవడానికి కెమెరా తనంతట తాను నునుపు చేసింది. పూసలూ మచ్చలే అనుకుంది. దానికేం తెలుసు పాపం.

జేపెగ్ మాత్రమే తీశా నేను. కార్డు నిండా కల్చరల్స్ ఫోటోలు, రా ఫైళ్ళకి చోటు లేదు. (రా అంటే రమ్మనడం కాదు, సెన్సర్ ఇచ్చిన అంకెలు ఉన్నదున్నట్టు.) అవైనా ఉండుంటే కొన్ని పూసలు మిగిలేవేమో.

నమ్మబుద్ధి కాక నంద్యాలలో ఇంట్లో ఒక ప్రయోగం చేశా. తాత చిన్నప్పుడు నాకిచ్చిన జానెడు వినాయకుణ్ణి టేబుల్ మీద పెట్టి, ఒక్క నైట్ బల్బు వెలుతురులో మూడు రా ఫైళ్ళు తీశా. ఒకటి ఐఎస్ఓ 6400, సెకనులో 30వ వంతు. రెండోది అంతే వెలుతురు, కానీ ఐఎస్ఓ 100. చీకటి తప్ప ఏం లేదు అందులో, తర్వాత సాఫ్ట్‌వేర్‌లో 64 రెట్లు పెంచా. మూడోది ఐఎస్ఓ 100, కానీ 2 సెకన్లు.

మూడోది అద్దంలాగా వచ్చింది, ఊహించిందే. కానీ మొదటి రెండింటిలో ఏది బాగుంటుందో చెప్పండి చూద్దాం. నేను ఐఎస్ఓ 100దే అనుకున్నా. తప్పు. 6400దే నయం. 100ది సాగదీస్తే మచ్చలతో పాటు అడ్డంగా చారలు కూడా వచ్చాయి. ఎందుకంటే గుంతలోంచి చదివి అంకెగా మార్చే దారిలో సెన్సర్ సొంత చప్పుడు కొంత కలుస్తుంది. ముందే ఓల్టేజీ పెంచితే ఆ చప్పుడు ముందు మన సిగ్నల్ పెద్దగా నిలబడుతుంది. అంకె అయిపోయాక గుణిస్తే చప్పుడునీ కలిపి గుణించినట్టు. ఇంటీజర్ డివిజన్ చేసేశాక డబుల్‌లోకి మార్చితే పోయిన దశాంశాలు తిరిగి రావు కదా, కొంచెం ఆ రకం. కొన్ని కొత్త సెన్సర్లలో ఈ తేడా బాగా తక్కువట, నా దాంట్లో మాత్రం కొట్టొచ్చినట్టు కనిపించింది.

అంటే ఆ రాత్రి చేత్తో పట్టుకుని, సెకనులో 30వ వంతుకే తీయాల్సి వచ్చుంటే ఐఎస్ఓ పెంచడం సరైన పనే. అది నా తప్పు కాదు. వెలుతురు పట్టించడానికి టైము ఉండి కూడా పట్టించకపోవడం తప్పు. ఈ రెండూ వేరు వేరని అర్థం కావడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. ఆ సాయంత్రం ఇంకొంచెం ముందు వచ్చుంటే బాగుండేది.

స్వామి బూడిద రంగు సంగతి మిగిలింది. అది ఇంకా సులువుగా తప్పించుకోగలిగిన తప్పు. కెమెరా లోపలి మీటరుకి ఎదురుగా ఉన్నది నల్లరాయో తెల్లపంచెనో తెలియదు. ప్రపంచం సగటున మధ్యస్థం బూడిద రంగు అనుకుంటుంది, 18 శాతం అని పుస్తకాల్లో రాస్తారు. ఫ్రేమ్ నిండా నల్లరాయి ఉంటే, అయ్యో చీకటిగా ఉందే అని దాన్ని బూడిద రంగు దాకా లేపుతుంది. తెల్లపంచె నిండా ఉంటే దాన్నీ మాపి బూడిద చేస్తుంది. నల్లరాయికి మీటరు చెప్పినదానికంటే ఒక మెట్టు, అంటే సగం తగ్గించాలి. ఆ రాత్రి తగ్గించి ఉంటే 12800 కాదు, 6400 సరిపోయేది.  ఆళ్లగడ్డలో పుట్టిన తల్లి కొడుకుని, నల్లరాయిని తీయడం రాలేదు నాకు.

ఇవన్నీ తెలుసుకోవడానికి రెండు వారాలు పట్టింది. తాతకి చెప్పడానికి ఇంకో నెల. ఫోటో ఏది అని ఆయన అడగలేదు, అమ్మ అడిగినప్పుడల్లా ఎడిటింగ్ అవుతోంది అని దాటేశా. ఉగాదికి వెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్ తెరిచి ఆయన ముందు పెట్టేశా. కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు.

"ఇది నూనె పట్టించకముందుది కదా?"

"కాదు తాతా. పట్టించినాకదే."

ఇంకాసేపు చూశాడు. "పూసలు ఏమైనాయి?"

చెప్పా. వాన చినుకులు, మైకు సెట్టు, 4 సెకన్లు, అన్నీ. ఆయన మధ్యలో ఒక్కటే అడిగాడు, "నాలుగు సెకన్లంటే ఎంతసేపు?" అని. వేళ్ళతో లెక్కపెట్టి చూపించా. ఒకటి, రెండు, మూడు, నాలుగు. "అంతేనా" అన్నాడు. కోపంగా కాదు. నాకైతే కోపంగా అన్నా బాగుండేది అనిపించింది, చిన్నమామ అప్పుడు తిట్టనట్టే.

తర్వాత ఆయనే లేచి షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ సగంలో వదిలేసిన నరసింహస్వామి ఉన్నాడు, పదేళ్ళ కిందటిది. రాయిని కొట్టి చూస్తే గంటలాగా పలికిందట, తీసుకున్నాడట, తీరా జూలు చెక్కేసరికి ఛాతీ దగ్గర సన్న పగులు బయటపడిందట. పగులున్న రాయి పూజకి పనికిరాదు. అమ్మబుద్ధి కాలేదు, పారేయబుద్ధి కాలేదు. మొహం, జూలు పూర్తయ్యాయి, కింద అంతా మొండి రాయి. తాత ఒక గుడ్డ ముక్క తెచ్చి నూనె పట్టించడం మొదలుపెట్టాడు. చెయ్యి వణుకుతోంది. గుడ్డ నేను తీసుకోబోతే ఇవ్వలేదు.

చీకటి పడ్డాక తీశాం. ట్యూబ్‌లైటు వెలుతురు ఎదురుగా పడితే జూలంతా చదునుగా కనిపించింది. తాత ఛార్జింగ్ లైటు తెప్పించి, ట్యూబ్‌లైటు ఆపించి, దీన్ని పక్క నుంచి వేయమన్నాడు. ప్రతి వెంట్రుక గీత పక్కనా నీడ లేచింది. గీత సరిగ్గా పడిందో లేదో వాళ్ళు రాత్రిపూట అట్లనే చూసుకుంటారట. పోర్ట్రైట్ లైటింగ్ అని నేను వీడియోల్లో చూసిందాన్ని ఆయన అరవై ఏళ్ళుగా చేస్తున్నాడు. కెమెరాని ఒక మొండి రాయి మీద పెట్టి కింద తువ్వాలు మడిచి సర్దా. ఐఎస్ఓ 100. ఎఫ్/5.6. మీటరు 8 సెకన్లు అంది, నల్లరాయి కదా, 4 పెట్టా. వేలు తగిలి కదలకుండా టైమర్ కూడా. రా ఫైలు, కార్డు ఖాళీ చేసుకుని మరీ వెళ్ళా ఈసారి.

"తాతా, నువ్వూ పక్కన కూర్చో. నాలుగు లెక్కపెట్టేదాకా కదలొద్దు."

కూర్చున్నాడు. నేను పైకి లెక్కపెట్టా. మూడు అనగానే దోమ కుట్టిందో ఏమో, మెడ తిప్పి చెయ్యి విదిలించాడు. ఇంకోటి తీద్దాం అంటే "చాల్లే అబ్బీ" అని లేచిపోయాడు. ఆయన్ని మర్నాడు పొద్దున గుమ్మం దగ్గర ఎండ నీడలో విడిగా తీశా, సెకనులో 250వ వంతు, ఐఎస్ఓ 200. మనుషులకి అదీ పద్ధతి. అది బాగానే వచ్చింది, అమ్మ ఫ్రేమ్ కట్టించింది.

రాత్రి ఫోటో మాత్రం అప్పుడే ల్యాప్‌టాప్‌లో వేసి చూశాం. తాతకి రెండు మొహాలు వచ్చాయి, ఒకటి ముందుకి, ఒకటి పక్కకి, రెండూ పొగలాగా, వెనక గోడ కూడా కనిపిస్తోంది ఆయనలోంచి. నేను నవ్వా, అమ్మ నవ్వింది. ఆయన తనని తాను చూసుకోనే లేదు. "ఇది పెద్దది చెయ్యి" అని నరసింహస్వామి జూలు వైపు వేలు పెట్టాడు. చేశా. నల్లగా ఉంది, నూనె తడి కూడా తెలుస్తోంది. ఒక్కో గీతా వేరు. ఇంకా పెద్దది అన్నాడు. ఇంకా. చెవి వెనక, జూలు మలుపు తిరిగే చోట ఆపించాడు. కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని స్క్రీన్ దగ్గరకి వంగాడు.

"ఈడ చూడు," అన్నాడు. "ఈడ ఒక దెబ్బ ఎక్కువ పడింది. పదేండ్ల నుంచి నాకు కనపడనే లేదు."